జడుసుకున్న మనిషికి పని చూపించడం ఎలా?

ముందు పాత రిజిస్టర్ తియ్యండి. మీరు ఉద్యోగంలో చేర్పించాక నెల తిరగకుండానే ఊరికి వచ్చేసినవాళ్ళ పేర్లు ఒక తెల్ల కాగితం మీద రాయండి. ప్రతి పేరు ఎదురుగా అప్పట్లో మీరు రాసుకున్న కారణం కూడా ఎక్కించండి. నా కాగితం మీద ఇలా ఉండేవి: "ఇంటి బెంగ", "పని ఇష్టం లేదు", "ఫోన్ ఎత్తడం లేదు", "క్రమశిక్షణ లేదు". పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు నైపుణ్య శిక్షణ సెంటర్లలో మొబిలైజర్లుగానో (ఊళ్ళు తిరిగి కుర్రాళ్ళనీ అమ్మాయిలనీ చేర్పించేవాళ్ళు) కౌన్సెలర్లుగానో ప్లేస్‌మెంట్ చూసేవాళ్ళుగానో పనిచేసే వాళ్ళందరి దగ్గరా ఇలాంటి కాగితం ఒకటి తయారవుతుంది.

ఆ పేర్లలో ఐదుగురిని వెతుక్కుంటూ వెళ్ళండి. ఎందుకొచ్చేశావని నిలదీయడానికి కాదు. "అక్కడ ఏది ఓర్చుకోలేకపోయావు?" అని ఒక్క మాట అడగడానికి. నేను అలా తిరిగినప్పుడు ఒక కుర్రాడు, మిషన్ల చప్పుడు మొదలవగానే సూరత్ గుర్తొచ్చి చేతులు వణికేవన్నాడు. ఒక అమ్మాయి హాస్టల్ గదికి రాత్రిపూట బయట నుంచి తాళం వేసేవారంది. ఇంకొకాయన, జీతం వారం వెనక్కి జరిపారట. "ఇటుక బట్టీలోనూ మొదట ఇలాగే అన్నారక్కా" అన్నాడు. పని బరువైందని ఆ ఐదుగురిలో ఒక్కరూ అనలేదు. నా రిజిస్టర్‌లో కారణాలన్నీ తప్పు. వాళ్ళు ఉద్యోగం వదిలి రాలేదు, ఒక పాత భయం నుంచి పారిపోయి వచ్చారు. ఆ సంగతి తెలియక వాళ్ళని సరిగ్గా ఆ భయం ముందుకే నేను పంపించాను.

ఇప్పుడు మన శిక్షణల్లో ట్రామా, అంటే మనసుకి తగిలిన గాయం, అనే మాట వినిపిస్తోంది. కొత్త మాటని బెదిరిపోకండి, దీనికి మన ఇళ్ళలో ఎప్పటి నుంచో పేరుంది. పసిపిల్లాడు నిద్రలో ఉలిక్కిపడి లేచి ఏడిస్తే జడుసుకున్నాడంటాం. దిష్టి తీస్తాం, తాయెత్తు కడతాం, ఆ రాత్రికి దీపం ఆర్పం. ఎందుకేడుస్తున్నావో చెప్పమని మాత్రం వాడిని అడగం, ఒళ్ళోకి తీసుకుంటాం. పాతికేళ్ళవాడు జడుసుకుంటే మాత్రం ఈ ఓపిక మనకుండదు. ధైర్యం లేనివాడంటాం.

ఒంట్లో జరిగేది కొంచెం తెలిస్తే ఆ మాట మన నోట రాదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మెదడు తీరిగ్గా ఆలోచించడం పక్కనపెట్టి ఒంటిని సిద్ధం చేస్తుంది. అడ్రినలిన్ పారుతుంది, గుండె దడదడలాడుతుంది. ఇక మిగిలేవి పోట్లాడటం, పారిపోవటం, కొయ్యబారిపోవటం. ప్రమాదం దాటాక ఇదంతా చల్లబడాలి. కొందరిలో పూర్తిగా చల్లబడదు. అలాంటివాళ్ళకు ఆనాటి చప్పుడో వాసనో గొంతో తగిలితే చాలు, ఒళ్ళు మళ్ళీ మొదటి రోజుకి వెళ్ళిపోతుంది. అది వాళ్ళ చేతుల్లో ఉండదు.

మన సెంటర్లో ఇది ఎలా కనిపిస్తుందో చూడండి. ఎప్పుడూ తలుపు కనిపించే కుర్చీలోనే కూర్చుంటారు. నిన్న చెప్పిన తేదీ ఈరోజు గుర్తుండదు. చిన్న మాటకి పెద్ద కోపం వస్తుంది. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తరు. అన్నిటికంటే మనం కనిపెట్టలేనిది ఇంకొకటుంది, అన్నిటికీ "సరే" అనే మనిషి. చెన్నై వెళ్తావా? సరే. రాత్రి షిఫ్టా? సరే. ఎదురు మాట్లాడితే దెబ్బలు తిన్న ఇంట్లో పెరిగినవాళ్ళు ఇలా ఉండొచ్చు. వాళ్ళని చూసి మనం సంతోషిస్తాం, ముందు వాళ్ళనే బండెక్కిస్తాం. మూడో రోజున వాళ్ళ ఫోన్ స్విచ్చాఫ్ అవుతుంది.

అయితే ఒక జాగ్రత్త. ఈ లక్షణాలు చూసి ఎవరికీ జబ్బు పేరు పెట్టకండి, అది డాక్టరు చేసే పని. ఆలస్యంగా వచ్చిన ప్రతివాడూ గాయపడినవాడు కాదు, బస్సు తప్పిపోయి ఉండొచ్చు. కింద చెప్పేవన్నీ అందరితోనూ ఒకేలా చెయ్యండి. అప్పుడు ఎవరు గాయపడ్డారో కనిపెట్టాల్సిన అవసరమే రాదు.

అమెరికాలో మానసిక ఆరోగ్యం చూసే ప్రభుత్వ సంస్థ సామ్సా 2014లో గాయపడినవాళ్ళతో పనిచేసే తీరుని నాలుగు పనులుగా చెప్పింది. గాయం ఎంతమందిలో ఉంటుందో గ్రహించాలి, దాని గుర్తులు పోల్చుకోవాలి, మన పద్ధతులు దానికి తగ్గట్టు మార్చుకోవాలి, మన వల్ల గాయం మళ్ళీ రేగకుండా చూడాలి. నా అనుభవంలో నాలుగోదే అసలు పని. మిగతా మూడూ దాని కోసమే.

మీ ఊళ్ళ చరిత్ర రాసుకోండి

రెండో కాగితం తీసుకుని మీరు తిరిగే ఊళ్ళ మీదుగా ఏమేం వెళ్ళాయో తేదీలతో రాయండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖని ఊడ్చేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు నుంచి గజపతి జిల్లా మీదికి వచ్చింది. బరఘర ఊళ్ళో వానకి తలదాచుకున్నవాళ్ళ మీద కొండచరియ విరిగిపడింది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పడితే సూరత్‌లో ఉన్న గంజాం వాళ్ళు గదుల్లో ఇరుక్కుపోయారు. 2023 జూన్ 2న బాలాసోర్ జిల్లా బహానగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదంలో 290 మందికి పైగా పోయారు. బరంపురంలో మనవాళ్ళు చెన్నైకి ఎక్కే బండి అదే.

ఈ కాగితం గోడకి అంటించమనడం లేదు, క్యాలెండర్ పక్కన పెట్టుకోమంటున్నాను. అక్టోబరు రెండో వారంలో మబ్బు పట్టిందంటే మన జిల్లాల్లో ఎంతోమందికి నిద్ర పట్టదు. ఆ వారంలో జాయినింగ్ తేదీ పెట్టకండి. తప్పనిసరైతే, "ఇంట్లో గాలివాన భయం ఉందా, నాలుగు రోజులు ఆగి వెళ్తావా?" అని మీరే ముందు అడగండి. కోరమాండల్ ఎక్కనన్నవాడిని పిరికివాడనకండి. వేరే బండికి టికెట్ చూడండి, లేకపోతే తోడుగా వెళ్ళే ఇంకొకరిని చూడండి.

ఊరికి తేదీలున్నట్టే ఇంటికీ ఉంటాయి. తాగి వచ్చే మొగుడు, దాదన్‌కి (అడ్వాన్సు ఇచ్చి దూరప్రాంతం కూలికి) తీసుకెళ్ళిన సర్దార్ అనే మేస్త్రీ, తీర్చలేని అడ్వాన్సు. వాటి తేదీలు మనకి తెలియవు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. ఏదో ఒకటి ఉండవచ్చునని మనసులో పెట్టుకుంటే చాలు.

గది

పైసా ఖర్చు లేకుండా ఈరోజే మార్చగలిగినది గది. కుర్చీలు అటు తిప్పండి, వచ్చినవాళ్ళకి తలుపు కనిపించాలి, మీరు తలుపుకి అడ్డంగా ఉండకూడదు. టేబుల్ మధ్యలో పెట్టుకుని పోలీస్ స్టేషన్‌లోలా కూర్చోకుండా కుర్చీ ఒక మూలకి జరపండి. మంచినీళ్ళు చేతికందేలా ఉంచండి. షట్టర్ దభాలున వేసే అలవాటు మాన్పించండి. జనరేటర్ వేసే ముందు "చప్పుడొస్తుంది" అని ఒక కేక వెయ్యమని చెప్పండి. ఈ చిన్న కేక వల్ల మా బ్యాచ్‌లో ఒక కుర్రాడు క్లాసులో కుదురుగా కూర్చోవడం నా కళ్ళతో చూశాను. అంతకు ముందు అతను జనరేటర్ మొదలవగానే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. పొగరనుకున్నాం. సూరత్ పవర్‌లూముల్లో 12 గంటల షిఫ్టు మామూలు, పక్కనున్నవాడి మాట కూడా వినపడని మోత. ఆ మోతలో అతను ఏం చూశాడో నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. కేక వేశాక మాత్రం లేచి వెళ్ళడం మానేశాడు.

వాచ్‌మన్‌ని మరిచిపోకండి. మీ సెంటర్‌కి మొదటి ముఖం అతనిదే. "ఏయ్, ఎవరు కావాలి?" అనే గొంతుకి సగం మంది వెనక్కి తిరిగిపోతారు. "రండమ్మా, ఎవరి కోసం వచ్చారు?" అనడం అతనికి నేర్పడం మీరు నేర్చుకునే ఏ సిద్ధాంతం కన్నా ముందు జరగాలి.

భాష, పిలుపు

మన వైపు ఇళ్ళలో తెలుగు, బడిలో ఒడియా, ఇంటర్వ్యూలో హిందీ. భయంలో ఉన్న మనిషికి నేర్చుకున్న భాష ముందు పోతుంది, అమ్మ భాష మిగులుతుంది. ఒడియాలో అడిగితే ఒక్క ముక్క జవాబిచ్చే మనిషి తెలుగులో అడిగితే గంట మాట్లాడటం చూస్తూనే ఉన్నాం. "ఏ భాషలో మాట్లాడుకుందాం?" అన్నది మీ మొదటి ప్రశ్న కావాలి. ఫారం ఒడియాలో ఉంటే, చదవగలరా అని నలుగురిలో అడగకండి. "మనిద్దరం కలిసి చదువుదాం" అని కూర్చోండి.

ఇంకొక సంగతి మనకి కొంచెం కష్టంగా ఉన్నా ఒప్పుకోవాలి. కొండ మీద నుంచి వచ్చిన సవర అమ్మాయికి మన తెలుగు అమ్మ భాష కాదు. సంతలో తూకం తగ్గించినవాడి గొంతూ, అప్పు వసూలుకి వచ్చిన షావుకారు గొంతూ ఆమెకి తెలుగులోనే వినిపించి ఉండవచ్చు. మనం ఎంత మెత్తగా మాట్లాడినా ఆమె మన భాషకే ముడుచుకుపోతుంది. సవర మాట్లాడేవాళ్ళు ఒక్కరైనా సెంటర్లో ఉండాలి. లేకపోతే ఆమె వెంట వచ్చిన స్నేహితురాలిని లోపలికి రానివ్వండి.

పిలుపులో చనువు తొందరపడి తీసుకోకండి. మనకి వావి కలిపి పిలవడం ప్రేమ. కానీ "చెల్లీ" అని పిలిచి దాదన్‌కి పంపిన సర్దార్ చేతిలో మోసపోయిన పిల్లకి ఆ పిలుపే ముల్లులా తగులుతుంది. "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని అడగండి. పద్దెనిమిదేళ్ళ పిల్లనైనా మొదటి రోజు "మీరు" అనండి. వాళ్ళే "నువ్వు అనండి అక్కా" అంటారు, అప్పుడు మారొచ్చు.

మొదటి మాట: కథ అడగొద్దు, పనికి కావలసింది అడగండి

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఒక సెంటర్లో కౌన్సెలింగ్ ఫారం నింపుతూ, పక్కన ఇంకో ముగ్గురు వరసలో నిలబడి ఉండగా, ఒకావిడని "ముందు పని ఎందుకు మానేశారు?" అని అడిగాను. ఆవిడ పమిట కొంగు వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టారు. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టి. నేను రెండోసారి అడిగాను, గొంతు పెంచి, వినపడలేదేమోనని. "ఇప్పుడే వస్తాను" అని బయటికి వెళ్ళారు. ఆధార్ జిరాక్సు నా టేబుల్ మీదే ఉండిపోయింది, ఆవిడ మళ్ళీ రాలేదు. ఆ ప్రశ్న ఫారంలో అచ్చయి ఉంది కాబట్టి అడిగాను. ఎవరికి పనికొస్తుందని నేను ఒక్కసారీ ఆలోచించలేదు.

అందుకని మీ ఫారం తీసి, ప్రతి ప్రశ్న పక్కనా "ఈ జవాబుతో నేను ఏం చేస్తాను?" అని రాసుకోండి. ఏమీ చెయ్యని ప్రశ్నని కొట్టెయ్యండి. పైవాళ్ళు ఒప్పుకోకపోతే ఆ గడి ఖాళీగా వదిలెయ్యొచ్చని మనిషికి చెప్పండి. మిగిలిన ప్రశ్నల్ని తిప్పి రాయండి. "ముందు పని ఎందుకు మానేశారు?" బదులు "కొత్త పనిలో ఏది ఉండాలి, ఏది ఉండకూడదు?" అని అడగండి. "ఇంట్లో ఏమైనా సమస్యలున్నాయా?" బదులు "ఏ వేళల్లో పని మీకు కుదురుతుంది? ఏ నంబరుకి ఫోన్ చేస్తే మీకు ఇబ్బంది ఉండదు?" అని. చూడండి, ఈ రెండో ప్రశ్నతో ఫోన్ మొగుడి దగ్గర ఉంటుందో లేదో కూడా తెలిసిపోతుంది, మొగుడి మాట ఎత్తకుండానే.

కూర్చోగానే జరగబోయేది ముందే చెప్పండి. భయపడిన మనిషికి తర్వాత ఏమవుతుందో తెలియకపోవడం కన్నా బాధ లేదు. మా దగ్గర ఇప్పుడు ఇలా మొదలుపెడతాం:

"అమ్మా, తలుపు తీసి ఉంచమంటారా, దగ్గరికి వెయ్యమంటారా?"

"తీసే ఉంచండి పాపా."

"సరే. మనం ఇరవై నిమిషాలు మాట్లాడుకుంటాం. పేరు, చదువు, ఏ పని కావాలో అడుగుతాను. వద్దనుకున్న ప్రశ్నకి వద్దనండి, దానివల్ల మీ పేరు పోదు. మధ్యలో లేచి వెళ్ళాలంటే వెళ్ళొచ్చు."

"ఏటి పాపా, జరిగిందంతా మళ్ళీ మొదట నుంచి చెప్పనక్కర్లేదా?"

"అక్కర్లేదమ్మా."

ఆ "అక్కర్లేదు" విన్నప్పుడు మనిషి భుజాలు ఒక్కసారి కిందికి దిగుతాయి. చూస్తే మీకే తెలుస్తుంది.

గోప్యం గురించి అబద్ధం చెప్పకండి. "మీరు చెప్పింది ఎవరికీ చెప్పను" అని మాటిచ్చి తర్వాత తప్పితే అది రెండో గాయం. మన గ్రామీణ నైపుణ్య పథకాల్లో పదిహేనేళ్ళ పిల్లలు కూడా చేరుతారు. పద్దెనిమిది లోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలపడం మన విధి, దాచడం నేరం. ఆ సంగతి మాటలు మొదలవక ముందే చెప్పండి: "మీకు గానీ చిన్నపిల్లలకి గానీ ప్రాణాపాయం, లైంగిక హింస ఉందని తెలిస్తే మాత్రం నేను చెప్పాల్సినవాళ్ళకి చెప్పాలి. మీకు చెప్పకుండా చెప్పను." ఎంతవరకు చెప్పుకోవాలో అప్పుడు వాళ్ళే నిర్ణయించుకుంటారు.

అడగకుండానే చెప్పడం మొదలుపెడితే? ఆపకండి, తవ్వకండి. ఉచ్చు బిగించినట్టు "తర్వాత ఏమైంది, ఎవరు, ఎన్నిసార్లు" అనకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో విపత్తుల్లో పనిచేసేవాళ్ళకి మూడు పనులు నేర్పింది: చూడు, విను, కలుపు. కలపడమంటే సరైన మనిషి దగ్గరికి చేర్చడం. "మీరు చెప్పినందుకు సంతోషం. ఇందులో మీ తప్పు లేదు. దీనికి సాయం చేసేవాళ్ళున్నారు, కావాలంటే ఇప్పుడే ఫోన్ కలుపుతాను." ఇంతే. 2022 అక్టోబరు నుంచి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సాయం టెలి మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తోంది, అందులో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. ఆడవాళ్ళకి 181, పిల్లలకి 1098, తక్షణ ప్రమాదానికి 112, ఉచిత న్యాయ సహాయానికి 15100. చనిపోవాలనుందని ఎవరైనా అంటే ఒంటరిగా పంపకండి. పక్కనే కూర్చుని 14416కి ఫోన్ కలపండి, వాళ్ళు నమ్మే ఒక మనిషిని పిలిపించండి, ఆ సాయంత్రమే జిల్లా ఆస్పత్రికి తోడు వెళ్ళండి.

దాదన్ మాట వస్తే, అంటే ఇంటివాళ్ళని ఇంకా బట్టీలో ఆపి ఉంచారని చెబితే, అది ఉద్యోగం చూపించే పని కాదు. అడ్వాన్సు తీర్చే వరకు కదలనివ్వకపోవడాన్ని 1976 చట్టం వెట్టిచాకిరి అంటుంది. కలెక్టర్, సబ్ కలెక్టర్ దానికి బాధ్యులు. ఆ మనిషి ఒప్పుకుంటే అర్జీ రాయడానికి సాయపడండి. అర్జీలో కథ ఒక్కసారి రాయించి జిరాక్సులు తీయించండి. ప్రతి ఆఫీసులో నోటితో మళ్ళీ చెప్పే అవస్థ తప్పుతుంది.

గదిలోనే ఊపిరాడకపోతే

మాట్లాడుతూ ఉండగా కళ్ళు ఎటో వెళ్ళిపోవడం, చేతులు చల్లబడటం, ఆయాసం. భుజం మీద చెయ్యి వెయ్యాలనిపిస్తుంది, వెయ్యకండి. మీ పేరు, వాళ్ళ పేరు, ఉన్న చోటు చెప్పండి: "ఇది మన సెంటర్, తలుపు తీసే ఉంది." రెండు పాదాలూ నేలకి ఆనించమనండి. ఊపిరి పీల్చడం కన్నా వదలడం నిదానంగా చెయ్యమనండి, మీరూ కలిసి చెయ్యండి. గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు అడగండి. ఫ్యాను, కిటికీ, చెంబు. నీళ్ళివ్వండి. ఆ రోజుకి ఫారం మూసెయ్యండి. పదిహేను నిమిషాల్లో తేరుకోకపోయినా, గుండె నొప్పి అన్నా ఆస్పత్రికే తీసుకెళ్ళాలి.

యజమానితో బేరం

దీని మీద మన శిక్షణల్లో ఒక్క మాట ఉండదు, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. మన మెతకదనం సెంటర్ గడప దాటి ఫ్యాక్టరీకి చేరకపోతే ఏం లాభం?

మొదటి నియమం, మనిషి కథ యజమానికి చెప్పకూడదు. "పాపం, ఈ అమ్మాయి చాలా కష్టాలు పడింది సార్, కొంచెం చూడండి" అని మనం జాలితో అంటాం. వారంలో లైను మొత్తానికి తెలిసిపోతుంది. కథ కాదు, షరతు చెప్పండి. "ఈ బ్యాచ్‌కి మొదటి పదిహేను రోజులు పగటి షిఫ్టు కావాలి." "కొత్తవాళ్ళని ఇద్దరిద్దరిగా ఒకే లైన్లో వెయ్యండి."

రెండోది, ఈ ప్రశ్నలు ప్రతి యజమానినీ అడిగి జవాబులు కాగితం మీద తీసుకోండి. హాస్టల్ తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? రాత్రి లోపలి నుంచి తలుపు తీసుకోవచ్చా? జీతం ఏ తేదీన, ఎవరి ఖాతాలో పడుతుంది? అడ్వాన్సు ఇస్తారా, ఇస్తే ఎలా కోస్తారు? ఆధార్, సర్టిఫికెట్లు అసలువి తీసుకుంటారా? తీసుకుంటామంటే అక్కడికి పంపకండి. ఫిర్యాదు ఎవరికి చెయ్యాలి? పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. కమిటీలో ఉన్న ఆడమనిషి పేరు, నంబరు అడిగి తీసుకోండి. "ఉందండీ, ఉంది" అన్నంతలో ఊరుకోకండి.

ఈ జవాబులన్నీ వెళ్ళబోయే వాళ్ళకి చదివి వినిపించి, కనీసం రెండు ఉద్యోగాల మధ్య ఎంచుకోనివ్వండి. ఒకటే ఉంటే, వెళ్ళడం మానడం వాళ్ళ ఇష్టమని చెప్పండి. టార్గెట్ నెత్తి మీద ఉన్నప్పుడు ఇది చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. నెలాఖరుకి తలల లెక్క అడుగుతారు. కానీ ఒప్పించి పంపిన పదిమందిలో ఆరుగురు తిరిగొచ్చేస్తే మీ లెక్కా నిలవదు, ఆ ఆరుగురూ ఇంకో ఐదేళ్ళు ఏ సెంటర్ గుమ్మమూ ఎక్కరు.

బయోడేటాలో ఖాళీ ఏళ్ళుంటే అబద్ధం నేర్పకండి, అసలు విషయం కక్కమనీ అనకండి. "ఇంటి బాధ్యతల వల్ల రెండేళ్ళు ఆగాను, ఇప్పుడు పని చెయ్యడానికి సిద్ధంగా ఉన్నాను" అనే ఒక వాక్యం అద్దం ముందు పదిసార్లు చెప్పించండి. మాక్ ఇంటర్వ్యూలో గద్దించి పరీక్షించే అలవాటు ఉంటే మానండి, ముందుగా ప్రశ్నల కాగితం చేతికివ్వండి.

ఆఫర్ లెటర్ పట్టుకుని ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టడం కూడా మానండి. ఇంటి నుంచి తప్పించుకుని పనికి వెళ్తున్న ఆడపిల్ల ఏ ఊరు వెళ్ళిందో ఆ ఫొటో చెప్పేస్తుంది. వద్దన్నవాళ్ళది తీయకండి, కావాలన్నవాళ్ళది కంపెనీ పేరు కనపడకుండా తియ్యండి.

సిబ్బందికి శిక్షణ ఇచ్చేటప్పుడు

పన్నెండు, పదిహేను మందికి మించకుండా గుండ్రంగా కూర్చోబెట్టండి. వాచ్‌మన్, హాస్టల్ వార్డెన్, వంటమనిషి కూడా ఆ గుండ్రంలో ఉండాలి. మొదలుపెట్టే ముందే చెప్పండి: ఇక్కడ ఎవరూ తమ సొంత బాధ చెప్పక్కర్లేదు, ఎప్పుడైనా లేచి బయటికి వెళ్ళొచ్చు. ఎందుకంటే ఆ గదిలో కూర్చున్న మొబిలైజర్ కూడా తిత్లీలో ఇల్లు పోగొట్టుకున్నవాడే కావచ్చు. బాధితులని పిలిపించి స్టేజీ మీద కథ చెప్పించకండి. చప్పట్లు కొడతాం, వాళ్ళు ఇంటికి వెళ్ళి మూడు రాత్రులు నిద్రపోరు.

పొద్దున రిజిస్టర్ పని చేయించండి, నేను మొదట చెప్పినదే. తర్వాత ప్రతివాళ్ళకీ మీ ఫారం ఇచ్చి, పక్కనున్న సహోద్యోగి అడుగుతుంటే తమ గురించి తాము నింపమనండి. "మీ ఇంట్లో ఎవరైనా తాగుతారా?" అన్న చోటికి వచ్చేసరికి గది నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దంలో వాళ్ళు నేర్చుకునేది మీ స్లైడ్లలో దొరకదు. మధ్యాహ్నం జంటలుగా "మొదటి ఇరవై నిమిషాలు" ఆడించండి, కల్పించిన మనిషితో. ఆఖర్న ఒక్కొక్కరు రేపటి నుంచి మార్చబోయే ఒకే ఒక్క పని రాసి ఇవ్వాలి. నెల తర్వాత ఒక గంట మళ్ళీ కూర్చోండి. ఒక్క రోజు క్లాసుతో ఊరుకుంటే వాచ్‌మన్ గొంతు పాత దారికి వచ్చేస్తుంది.

మీ సంగతి కూడా చూసుకోండి. రోజంతా ఇలాంటివి వింటే మనకే కలలోకి వస్తాయి, ఇంట్లో పిల్లల మీద విసుగొస్తుంది, లేదంటే ఎవరేం చెప్పినా ఏమీ అనిపించని మొద్దుతనం వస్తుంది. రెండూ అలసటే. బరువైన మాటలు ఒకే రోజు వరసగా పెట్టుకోకండి. పేర్లు చెప్పకుండా వారానికోసారి తోటివాళ్ళతో పంచుకోండి. 14416 మనకి కూడా.

పంపాక

స్టేషన్‌కి మీరు రాలేకపోతే అదే ఊరు వెళ్ళే పాతవాళ్ళ నంబరు ఇవ్వండి. బండి నంబరు, దిగే స్టేషన్, ఎదురొచ్చే మనిషి పేరు, హాస్టల్ అడ్రసు తెలుగులో ఒక చీటీ మీద రాసి ఇవ్వండి, ఫోన్ చార్జింగ్ అయిపోవచ్చు. తిరుగు టికెట్ డబ్బు విడిగా కవర్లో పెట్టుకోమనండి. వచ్చేయడానికి దారి ఉందని తెలిసినవాళ్ళే ఎక్కువ రోజులు ఉంటారు, ఇది నేను చాలాసార్లు చూశాను.

మొదటి రాత్రి ఒక ఫోన్, మూడో రోజు ఒకటి, వారానికి ఒకటి, మొదటి జీతం రోజు ఒకటి. ఫోన్ ఎప్పుడు చేస్తారో ముందే చెప్పి, అన్న వేళకే చెయ్యండి. "పని ఎలా ఉంది?" అంటే "బాగుందక్కా" అంటారు, అంతకు మించి రాదు. "అన్నం ఎలా ఉంది? రాత్రి నిద్ర పట్టిందా? గది తాళం ఎవరి దగ్గరుంది? పక్క మంచం ఎవరిది?" అని అడగండి. జీతం రోజున "మెసేజ్ వచ్చిందా, ఎంత పడింది?" అని అంకెతో సహా అడగండి. తక్కువ పడితే ఆ గంటలోనే యజమానికి ఫోన్ వెళ్ళాలి. దాదన్‌లో కాలినవాడికి ఆ ఒక్క మెసేజే నమ్మకం.

అయినా కొందరు తిరిగొస్తారు. వచ్చినవాడు మీ గుమ్మంలో తల దించుకుని నిలబడినప్పుడు "ఎందుకొచ్చేశావు?" అనకండి. "ఎప్పుడు దిగావు? ఏమైనా తిన్నావా?" అనండి. కూర్చోనివ్వండి. వారం పోయాక, అతను సరేనంటే, పాత కాగితం తీసి ఇద్దరూ కలిసి చూడండి. ఏది కుదిరింది, ఏది కుదరలేదు. రిజిస్టర్‌లో కారణం గడిలో అతను చెప్పిన మాటే రాయండి, "రాత్రి షిఫ్టులో చప్పుడు" అని. రాసింది అతనికి చదివి వినిపించండి. దాని కింద గీత గీసి తర్వాతి ఉద్యోగానికి షరతులు రాసుకోండి: పగటి షిఫ్టు, ఊరివాడొకడు తోడు, తాళం లోపలి వైపు.